రెప్ప గ్రంథుల చికిత్స పనిచేస్తోందా అని ఫొటో చెబుతుందా? మైబోగ్రఫీ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండలో ఒక కంటి ఆసుపత్రిలో రెప్ప లోపలి గ్రంథుల ఫొటోలు (మైబోగ్రఫీ) తీసే పని నాది. డాక్టర్ గారి గదిలోకి వెళ్లేముందు, బయటికి వచ్చాక కూడా పేషెంట్లు నన్ను ఆపి అడిగే ప్రశ్నలు ఇవి. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో పనిచేసేవాళ్లు, పుట్టపాకలో మగ్గం మీద కూర్చునేవాళ్లు, వారానికోసారి హైదరాబాద్ నుంచి ఇంటికి వచ్చే సాఫ్ట్‌వేర్ పిల్లలు, దేవరకొండ నుంచి మనవడిని వెంటబెట్టుకొచ్చే అవ్వలు అడిగేది దాదాపు ఒకటే: “సార్, మందులు వాడినం. ఫొటోల తగ్గినట్టు కనబడుతుందా?” దీనికి అవును, కాదు అని ఒక్క మాటలో చెప్పేస్తే మోసం చేసినట్టవుతుంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

అసలు రెప్పలో గ్రంథులేమిటి?

రెప్ప అంచున, వెంట్రుకలకు కాస్త లోపలి వైపున, సూదిమొనంత రంధ్రాలు వరసగా ఉంటాయి. ఒక్కో రంధ్రం వెనక రెప్ప లోపల నిలువుగా ఒక సన్నని గ్రంథి ఉంటుంది. పై రెప్పలో సుమారు 25 నుంచి 40, కింది రెప్పలో 20 నుంచి 30 వరకు ఉంటాయి. 1666లో వీటి గురించి వివరంగా రాసిన జర్మన్ వైద్యుడు హైన్రిక్ మైబోమ్ పేరు మీదే వీటిని మైబోమియన్ గ్రంథులు అంటున్నారు.

ఇవి నూనెను తయారుచేస్తాయి. రెప్ప కొట్టిన ప్రతిసారీ కొంచెం నూనె కన్నీటి మీద పలచని పొరలా పరుచుకుని, కన్నీరు గాలికి ఆరిపోకుండా కాపాడుతుంది. ఆరోగ్యంగా ఉన్న రెప్పను నొక్కితే ఆ నూనె తేటగా, మంచినూనెలా వస్తుంది. జబ్బు చేస్తే ముందు మబ్బుగా, తర్వాత పెరుగు తరకల్లా, చివరికి టూత్‌పేస్టులా గట్టిపడి రంధ్రాన్నే మూసేస్తుంది.

నా కంట్లో నీళ్లు ధారగా కారుతుంటే, కన్ను పొడిబారింది అంటారేంటి?

నూనె పొర లేకపోతే కన్నీరు నిమిషాల్లో కాదు, సెకన్లలో ఆరిపోతుంది. కన్ను మండుతుంది. ఆ మంటకు కన్ను ఒక్కసారిగా నీళ్లు వదులుతుంది. ఆ నీళ్లలో నూనె సరిగా కలిసి ఉండదు కాబట్టి చెంప మీదికి కారిపోతాయి తప్ప కంటి మీద నిలవవు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర బండి మీద పోయేవాళ్లకు ఇది బాగా తెలుస్తుంది. హెల్మెట్ అద్దం దించుకుంటే సగం బాధ తగ్గిందని చాలామంది చెబుతారు.

ఫొటో ఎలా తీస్తారు? నొప్పి పుడుతుందా?

గడ్డం స్టాండ్ మీద పెట్టి కూర్చోమంటాం. కింది రెప్పను వేలితో కిందికి లాగి బయటికి తిప్పుతాం. పై రెప్ప దగ్గరే కొంచెం ఇబ్బంది. మీరు కిందికి చూస్తుంటే నేను వెంట్రుకలు పట్టుకుని, దూది పుల్లను రెప్ప మీద ఆనించి మెల్లగా వెనక్కి మడుస్తాను. నాలుగైదు సెకన్లలో అయిపోతుంది. నొప్పి ఉండదు గానీ, ఎవరికైనా కన్ను ముట్టుకుంటే ఒళ్లు బిగుసుకుంటుంది. అది సహజం. ఊపిరి బిగబట్టకుండా వదులుతూ ఉంటే రెప్ప తేలిగ్గా తిరుగుతుంది.

వాడేది ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు, అంటే టీవీ రిమోట్ ముందు భాగంలోంచి వచ్చే లాంటిదే, కంటికి కనబడదు. ఎక్స్‌రే కాదు. గర్భిణులకూ చిన్నపిల్లలకూ తీయవచ్చు. కన్ను ముట్టుకోకుండా ఇలా ఫొటో తీసే పద్ధతిని 2008లో జపాన్‌కు చెందిన డాక్టర్ రేకో అరిటా బృందం ప్రచురించింది. ఈ పరీక్ష పేరే మైబోగ్రఫీ.

ఆ నలుపు తెలుపు ఫొటోలో ఏం చూడాలి?

నల్లటి వెనకభాగం మీద తెల్లటి నిలువు గీతలు కనబడతాయి. అవే గ్రంథులు. మంచి రెప్పలో అవి నాటు వేసిన మడిలో వరసల్లా పొడవుగా, దగ్గరదగ్గరగా, ఒక చివరి నుంచి మరో చివరి దాకా ఉంటాయి. జబ్బు చేసిన రెప్పలో కొన్ని పొట్టివైపోతాయి, కొన్ని వంకర్లు తిరుగుతాయి, కొన్నిచోట్ల వరసే ఉండదు, ఉత్త నలుపే మిగులుతుంది. ఆ నల్లటి జాగా ఎంత ఉందన్నదాన్నిబట్టి నంబర్ వేస్తారు. ఏ నష్టం లేకపోతే 0. రెప్పలో మూడో వంతు కంటే తక్కువ పోతే 1. మూడో వంతు నుంచి మూడింట రెండు వంతుల దాకా పోతే 2. అంతకు మించితే 3. పై రెప్ప, కింది రెప్ప కలిపితే ఒక్కో కంటికి 0 నుంచి 6 వరకు వస్తుంది.

వయసు పెరిగేకొద్దీ కొన్ని గ్రంథులు అందరికీ పోతాయి. ఏ బాధా లేని 65 ఏళ్ల మనిషికీ 2 రావచ్చు. 25 ఏళ్ల అమ్మాయి కళ్లు మండి ఏడుస్తుంటే 0 రావచ్చు. నంబర్ చూసి భయపడవద్దని నేను పదేపదే చెప్పేది ఇందుకే.

మూడు నెలలు మందులు వాడాను, కాపడం పెట్టాను. ఫొటో మాత్రం అలాగే ఉంది. డబ్బులు దండగేనా?

ఈ పేజీలో మీరు ఒక్క జవాబే చదివేట్టయితే ఇదే చదవండి.

ఫొటో చూపించేది గ్రంథి ఉందా, ఎంత పొడవుంది అన్నదే. ఆ గ్రంథి నూనె వదులుతోందా లేదా అన్నది చూపించదు. బోరు గుంత ఫొటో తీస్తే కేసింగ్ కనిపిస్తుంది గానీ నీళ్లు వస్తున్నాయో లేదో మోటారు వేస్తేనే తెలుస్తుంది కదా, అట్లాగే.

రంధ్రం మూసుకుపోతే లోపల నూనె పేరుకుని ఒత్తిడి పెరుగుతుంది. ఏళ్ల తరబడి అలాగే ఉంటే నూనె తయారుచేసే కణాలు ఎండిపోయి గ్రంథే కుంచించుకుపోతుంది. అలా పూర్తిగా పోయిన గ్రంథి సాధారణంగా మళ్లీ మొలవదు. చికిత్స ప్రధానంగా మిగిలినవాటిని కాపాడటానికి, మూసుకుపోయినవాటిని తెరవడానికి. కాబట్టి ఏడాది తర్వాత ఫొటో అలాగే ఉందంటే, నా దృష్టిలో అది మంచి వార్తే. నష్టం ఆగింది.

పుట్టపాక వైపు నుంచి ఒక చేనేత పెద్దమనిషి మా దగ్గరికి వచ్చాడు. “గంట కూసుంటే పోగులన్నీ అలుక్కపోతున్నయి” అన్నాడు. ఇక్కత్ నేసేవాళ్లు పేకలోని రంగు గుర్తు పడుగులోని గుర్తుతో కలిసేలా ప్రతి పోగునూ కళ్లతో పట్టి చూడాలి. అలా చూస్తున్నప్పుడు రెప్ప కొట్టడం తగ్గిపోతుంది. ఆయన కింది రెప్ప నంబర్ 2. కన్నీటి పొర 3 సెకన్లకే చిరిగిపోతోంది. కింది రెప్పలో ఎనిమిది గ్రంథులను నొక్కి చూస్తే ఒక్కదాంట్లోంచీ తేట నూనె రాలేదు. నాలుగు నెలలు రోజూ కాపడం పెట్టాడు, డాక్టర్ గారు రాసిన మందు వాడాడు. తిరిగి వచ్చినప్పుడు ఫొటో నంబర్ మళ్లీ 2. ఆయన ముఖం చిన్నబోయింది. కానీ కన్నీటి పొర 7 సెకన్లు నిలిచింది. ఎనిమిదిట్లో ఐదు గ్రంథులు తేట నూనె వదిలాయి. “పొద్దటి నుంచి బువ్వ యాళ్లదాక లేవకుంట నేస్తున్న” అని ఆయనే చెప్పాడు. ఆయన చికిత్స పనిచేసింది. ఫొటో ఆ మాట చెప్పలేకపోయింది, అంతే.

మరి ఫొటోలో గ్రంథులు పెరిగినట్టు కనిపించిన వాళ్లూ ఉన్నారంటారు కదా?

ఉన్నారు. కొన్ని చికిత్సల తర్వాత గ్రంథుల విస్తీర్ణం కొద్దిగా పెరిగిందని చెప్పిన పరిశోధనలు ఉన్నాయి. నిపుణుల్లో దీని మీద వాదన ఇంకా తెగలేదు. మసకబారిన గ్రంథి మళ్లీ నూనెతో నిండి తెల్లగా కనబడినా, ఫొటో ఈసారి బాగా పడినా, లెక్కలో పెరిగినట్టే కనిపిస్తుంది. ఫలానా యంత్రంతో చనిపోయిన గ్రంథులు తిరిగి మొలుస్తాయని ఎవరైనా హామీ ఇస్తే డబ్బు కట్టేముందు ఇంకో డాక్టర్‌ను అడగండి.

పోయిన నెల కంటే ఫొటో ఘోరంగా వచ్చింది. జబ్బు ముదిరిందా?

నెలలో గ్రంథులు అంతగా పోవు. ముందు ఫొటోనే అనుమానించాలి.

ఇది నా చేతిమీద జరిగిందే. కొత్తలో ఒక అమ్మకు రెండోసారి ఫొటో తీస్తే పై రెప్పలో పైవైపు మొత్తం నల్లగా వచ్చింది. సాఫ్ట్‌వేర్ నష్టం పెరిగిందని శాతం కూడా వేసింది. ఆమె, కొడుకు ఇద్దరూ టెన్షన్‌తో రాత్రంతా నిద్రపోలేదట. మరునాడు మా సీనియర్ మళ్లీ తీశారు. నేను రెప్పను పూర్తిగా తిప్పలేదు. గ్రంథుల పై చివరలు మడతలోనే ఉండిపోయాయి. సరిగా తిప్పి తీస్తే పాత ఫొటోకు అచ్చం సరిపోయింది. ఆ రాత్రి వాళ్లు పడ్డ బాధకు నేనే కారణం. అప్పటి నుంచి రెప్ప రెండు చివరలూ, పై అంచూ ఫ్రేమ్‌లో కనబడితే తప్ప ఆ ఫొటోను లెక్కలోకి తీసుకోను.

రెప్పను లాగిన తీరు, తడి మెరుపు, కెమెరా కోణం, ఏ కంపెనీ యంత్రం అన్నదాన్నిబట్టి నంబర్ మారుతుంది. హైదరాబాద్‌లో ఒక యంత్రంతో తీసిన శాతాన్ని, మహబూబ్‌నగర్‌లో వేరే యంత్రంతో తీసిన శాతంతో పోల్చకూడదు. వీలైతే ఒకే చోట, ఒకే యంత్రంతో తీయించుకోండి. కాగితం మీద నంబర్ మాత్రమే కాకుండా ఫొటో కూడా ఫోన్‌లోకి పంపమని అడగండి. అడిగే హక్కు మీకుంది.

చికిత్స పనిచేస్తోందని మరి దేనితో తెలుస్తుంది?

అన్నిటికంటే ముందు మీ మాటతో. సాయంత్రానికి మంట ఎంత, చదువుతుంటే ఎన్నిసార్లు కళ్లు నలుపుతున్నారు, పొద్దున లేచేసరికి రెప్పలు అంటుకుంటున్నాయా, పుసులు కడుతున్నాయా అని అడుగుతాం. దీనికి 12 ప్రశ్నల పట్టిక ఒకటి ఉంది, జవాబులను బట్టి 0 నుంచి 100 వరకు మార్కు వస్తుంది. మొదటిసారి మార్కు, మూడో నెల మార్కు పక్కపక్కన పెడితే మార్పు కనబడుతుంది.

ఆ తర్వాత కన్నీటి పొర ఎన్ని సెకన్లు నిలుస్తుందో చూస్తారు. కంట్లో నారింజ రంగు కాగితపు పట్టీ ఆనించి, నీలి వెలుతురులో చూస్తే కన్నీరు పచ్చగా మెరుస్తుంది. రెప్ప కొట్టకుండా ఉంటే అందులో నల్లటి చీలిక ఎప్పుడు వస్తుందో లెక్కపెడతారు. 10 సెకన్ల లోపే వస్తే తక్కువ కిందే లెక్క. రెప్ప నొక్కి నూనె ఎలా వస్తుందో చూడటం ఇంకో ముఖ్యమైన పరీక్ష. నూనె పొర మందాన్ని కొలిచే ఫొటో కూడా వేరే ఉంది. వాన పడ్డాక రోడ్డు మీద పెట్రోల్ చుక్క మీద రంగులు తేలతాయి చూడండి, కన్నీటి మీది నూనెలోనూ అలాంటి రంగులు కనబడతాయి, వాటిని బట్టి మందాన్ని నానోమీటర్లలో లెక్కిస్తారు. గ్రంథుల ఆకారం కంటే ఇవన్నీ త్వరగా మారతాయి కాబట్టి మొదటి నెలల్లో చికిత్సను వీటితోనే తూకం వేయాలి.

మైబోగ్రఫీ ఎన్నాళ్లకోసారి చేయించుకోవాలి?

చికిత్స మొదలుపెట్టేముందు ఒకటి తప్పనిసరి అనుకోండి, ఎందుకంటే తర్వాత దేనితో పోల్చాలో అదే. ఆ తర్వాత ఆరు నెలలకో ఏడాదికో చాలు. ప్రతి నెలా తీయడం వల్ల మీకొచ్చే లాభం నాకైతే కనిపించదు.

కాపడం సరిగ్గా ఎలా పెట్టాలి?

గట్టిపడ్డ నూనె కరగాలంటే రెప్ప లోపల సుమారు 40 డిగ్రీల వేడి తగలాలి, అదీ కొన్ని నిమిషాలు. చాలామంది వేడినీళ్లలో గుడ్డ ముంచి ఒకసారి పెట్టి వదిలేస్తారు. గుడ్డ రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది. అందుకే గిన్నెలో వేడినీళ్లు పక్కనే ఉంచుకుని, రెండు గుడ్డలు మార్చుకుంటూ 8 నుంచి 10 నిమిషాలు పెట్టాలి. వేడి మణికట్టు మీద ఓర్చుకునేంతే ఉండాలి, రెప్ప చర్మం చాలా పలచన. గుడ్డ తీసిన వెంటనే, వేడి ఉండగానే, పై రెప్పను పైనుంచి కిందికి, కింది రెప్పను కిందనుంచి పైకి వెంట్రుకల వైపు వేలితో మెల్లగా తుడవాలి. కనుగుడ్డును నొక్కవద్దు. తర్వాత రెప్ప అంచును తడి దూదితో శుభ్రం చేయాలి.

రాత్రి అన్నం తిన్నాక టీవీ ముందు కూర్చునే సమయంలో పెట్టుకోమని చెబుతాను. వేరే టైం చెబితే వారంలో మానేస్తారు. ఒకరోజు మానితే ఏమీ కాదు. నెల మానితే మళ్లీ మొదటికొస్తుంది.

లైట్ ట్రీట్‌మెంట్, మెషిన్ మసాజ్ అంటున్నారు. చేయించుకోవచ్చా?

రెప్ప లోపలి నుంచి సుమారు 42.5 డిగ్రీల వేడి ఇస్తూ బయటి నుంచి 12 నిమిషాలు నొక్కే యంత్రానికి అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2011లో అనుమతి ఇచ్చింది. ఐపీఎల్ అనే లైట్‌ను రెప్పల కింద, చెంపల మీద కొట్టే చికిత్సకు 2021లో అనుమతి వచ్చింది. ఇది మామూలుగా కొన్ని వారాల తేడాతో నాలుగుసార్లు చేస్తారు. ఇంట్లో కాపడం నెలల తరబడి సరిగ్గా పెట్టినా తగ్గనివాళ్లకు పనికొస్తాయి.

ఐపీఎల్ గురించి మన జిల్లావాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ లైట్‌ను చర్మంలోని నలుపు రంగు పీల్చుకుంటుంది. పొలంలో ఎండకు కమిలి బాగా నల్లబడ్డ చర్మం మీద కొడితే కాలడం, మచ్చ పడటం జరగవచ్చు. చేయించుకునేముందు “నా చర్మం రంగుకు ఇది సేఫేనా, ఎంత పవర్ పెడతారు, కళ్లకు కవచం పెడతారా?” అని అడగండి. జవాబు చెప్పడానికి విసుక్కునే చోట చేయించుకోవద్దు.

మాత్రల సంగతి?

డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌లు రాస్తుంటారు. డాక్సీసైక్లిన్ గర్భిణులకు, చిన్నపిల్లలకు ఇవ్వరు. మింగేటప్పుడు నిండా గ్లాసు నీళ్లు తాగాలి, వెంటనే పడుకోకూడదు. ఎండకు చర్మం తొందరగా కమిలిపోతుంది, మన వేసవిలో జాగ్రత్త. చేపనూనె గుళికలు మంచివని చాలామంది వాడుతున్నారు. 2018లో వచ్చిన డ్రీమ్ అనే పెద్ద పరిశోధనలో ఆలివ్ నూనె గుళికల కంటే అవి ఎక్కువ పని చేయలేదు.

మొటిమలకు ఐసోట్రెటినోయిన్ వాడే పిల్లలు తప్పకుండా కంటి డాక్టర్‌కు ఆ సంగతి చెప్పాలి. అది చర్మంలోని నూనె గ్రంథులను కుదించినట్టే రెప్ప గ్రంథులనూ కుదించగలదు. మొదలుపెట్టేముందు ఒక ఫొటో తీయించుకుంటే మంచిదని నా అభిప్రాయం.

కాటుక, సుర్మా?

రెప్ప లోపలి అంచున పెడితే సరిగ్గా ఆ రంధ్రాల మీదే పెట్టినట్టు. కొన్ని సుర్మాల్లో సీసం ఉంటుంది. చికిత్స సాగినన్నాళ్లు పూర్తిగా ఆపండి.

ఒకే చోట కంటి కురుపు మళ్లీ మళ్లీ లేస్తోంది. ఫొటో తీస్తే సరిపోతుందా?

సరిపోదు. ముఖ్యంగా 50 దాటినవాళ్లకు అదే చోట గడ్డ తిరిగి వచ్చినా, ఒక్క కంటికే రెప్ప ఎర్రగా ఉండి తగ్గకపోయినా, అక్కడ వెంట్రుకలు రాలిపోతున్నా ఆలస్యం చేయవద్దు. ఇవే గ్రంథుల్లోంచి సెబేషియస్ కార్సినోమా అనే క్యాన్సర్ వస్తుంది. మనదేశంలో రెప్ప క్యాన్సర్లలో ఇది అరుదేమీ కాదు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితేనే తేలుతుంది. “మా అవ్వకు కాపడమే పెడుతున్నాం” అంటూ ఏడాది గడిపేసినవాళ్లను చూశాను. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

శుక్లం ఆపరేషన్‌కు ముందు రెప్ప ఫొటో ఎందుకు?

లోపల పెట్టే లెన్స్ పవర్‌ను కంటి పైపొర వంపు కొలిచి లెక్కిస్తారు. కన్నీటి పొర చెదిరి ఉంటే ఆ కొలత తప్పుతుంది. రెప్పలు బాగుచేసుకుని కొలిపించుకుంటే లెక్క నమ్మకంగా ఉంటుంది.

నల్గొండ, మహబూబ్‌నగర్‌లో ఎక్కడికి వెళ్లాలి? కంటి వెలుగు క్యాంపులో చూస్తారా?

కంటి వెలుగు 2018లో మొదలైంది, రెండో విడత 2023లో నడిచింది. అది చూపు చూసి కళ్లద్దాలు ఇవ్వడానికి పెట్టిన కార్యక్రమం. రెప్ప గ్రంథుల పరీక్ష అందులో భాగం కాదు. రెండు జిల్లా కేంద్రాల్లోనూ మెడికల్ కాలేజీ ఉంది, అక్కడి సర్కారు దవాఖానలో కంటి విభాగానికి వెళ్లండి. హైదరాబాద్ వెళ్లగలిగితే మెహిదీపట్నంలోని సరోజినీ దేవి కంటి ఆసుపత్రి ప్రభుత్వానిదే. మైబోగ్రఫీ యంత్రం అన్నిచోట్లా ఉండదు కాబట్టి వంద కిలోమీటర్లు బస్సెక్కేముందు ఫోన్ చేసి కనుక్కోండి.

యంత్రం లేదని చికిత్స ఆపవద్దు. డాక్టర్ స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దదిగా చేసి చూపే మైక్రోస్కోప్) ముందు కూర్చోబెట్టి రెప్ప నొక్కి చూస్తే చాలావరకు తేలిపోతుంది. కింది రెప్పను తిప్పి బయటి నుంచి చిన్న టార్చ్ ఆనించినా వెలుతురులో గ్రంథులు నల్లటి చారల్లా కనబడతాయి.

ఫోన్‌తో మేమే తీసుకోవచ్చా?

గ్రంథులు రావు. ఫోన్ కెమెరాలు ఇన్‌ఫ్రారెడ్‌ను చాలావరకు అడ్డుకుంటాయి. అయితే రెప్ప అంచు ఎరుపు, వెంట్రుకల మొదట్లో పొట్టు, కురుపు ఇవి ఫోన్‌తో తీసి పెట్టుకుంటే, అపాయింట్‌మెంట్ రోజుకు తగ్గిపోయినా డాక్టర్‌కు చూపించవచ్చు.

ఫొటోకు వచ్చే రోజు ఏం చేయాలి?

కాటుక, క్రీములు పెట్టుకోకుండా రండి. కాంటాక్ట్ లెన్సులుంటే మీతో బాక్స్ తెచ్చుకోండి, తీసేయాల్సి ఉంటుంది. పొద్దున కంటి చుక్కలు వేసుకుంటే ఏ మందు, ఎన్ని గంటలకు వేసుకున్నారో చెప్పండి, నూనె కలిసిన చుక్కలు నూనె పొర కొలతను తప్పుదారి పట్టిస్తాయి. గ్లకోమా (నీటికాసులు) చుక్కలు మాత్రం సొంతంగా ఆపవద్దు. పాత ఫొటో, పాత చీటీ రెండూ తెచ్చుకోండి. ఈమధ్య మంట ఏ వేళకు మొదలవుతోందో ఒక వారం పాటు క్యాలెండర్ మీద రాసి తెస్తే, నేను మిషన్ ఆన్ చేసేముందే ఆ క్యాలెండర్ చూస్తాను.